కొరికే పిల్లి, చీకే పిల్లి, మింగే పిల్లి

ఇంట్లో పెరిగే పిల్లి ఛార్జర్ వైరును కొరికినా, దుప్పటి అంచును నోట్లో పెట్టుకుని చీకినా, షూ లేసును తెంపి మింగినా పెంచేవారు చెప్పేది ఒకటే: పిల్లి వస్తువులు పాడుచేస్తోందని. నష్టం వైపు నుంచి చూస్తే మూడూ ఒకటే కావచ్చు గానీ, పిల్లి వైపు నుంచి చూస్తే వీటి మధ్య పెద్దగా చుట్టరికం లేదు. నోటితో చేసే పనులకు తెలుగులో మాటల కొరత లేదు. కొరకడం, నమలడం, చీకడం, చప్పరించడం, పీకడం, మింగడం అని దేనికి దానికి వేరే క్రియ ఉంది. ఏ వస్తువు పాడైందన్న లెక్క కంటే, ఈ క్రియల్లో ఏది జరుగుతోందన్న పరిశీలనే కారణానికి దగ్గరి దారి.

ముందుగా నోటి నిర్మాణాన్ని చూడాలి. ఎదిగిన పిల్లికి 30 పళ్ళుంటాయి. వాటిలో ధాన్యాన్నో ఆకునో నూరడానికి పనికొచ్చే చదునైన దంతాలు లేవు. కింది దవడ తలుపు బందులా పైకీ కిందికీ కదులుతుందే తప్ప ఆవు దవడలా పక్కలకు తిరగదు. పై దవడలోని నాలుగో ముందు దవడపన్నూ, కింది దవడలోని దవడపన్నూ ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ కత్తెర అంచుల్లా మాంసాన్ని కోస్తాయి. అందువల్ల, కచ్చితంగా చెప్పాలంటే, పిల్లి దేన్నీ నమలదు, కోసి మింగుతుంది. పిల్లి వైరు కొరికేటప్పుడు తల ఒక పక్కకు వాల్చి, దాన్ని నోటి మూలకు చేర్చి కొరకడం చాలామంది చూసే ఉంటారు. ఆ కత్తెర ఉన్నది అక్కడే. సన్నటి తీగలు, లేసులు, ఇయర్‌ఫోన్ వైర్లు శుభ్రంగా తెగిపోవడానికీ, మందపాటి చెక్క మీద మాత్రం గుంటలే మిగలడానికీ కారణం ఈ పళ్ళ అమరికే.

వస్తువును నోటితో పరీక్షించడంలోనూ ఒక అవసరం ఉంది. దూరాన కదిలే ఎలుకను ఇట్టే పట్టే పిల్లి కళ్ళకు, ముక్కుకు సుమారు 25 సెంటీమీటర్ల లోపున ఉన్నది స్పష్టంగా కనిపించదు. ఆ దగ్గరితనంలో కంటి పనిని మీసాలు, పెదవులు, పళ్ళు, వాసన కలిసి చేస్తాయి. రుచి సాయం తక్కువే. తీపిని గుర్తించే గ్రాహకానికి అవసరమైన జన్యువు పిల్లి జాతిలో పనిచేయడం లేదని 2005లో పరిశోధకులు తేల్చారు. నాలుక మీది రుచి మొగ్గలు కూడా మనిషితో పోలిస్తే బాగా తక్కువ. కాబట్టి పిల్లి ఒక వస్తువును కొరుకుతోందంటే దాని రుచి నచ్చిందనుకోవడం తొందరపాటు. పంటికి అది ఎంత మెత్తగా తగిలింది, ఎంత సాగింది, తిరిగి ఎంత ఒత్తింది, ఏ వాసన వచ్చింది, ఏ చప్పుడు చేసింది అన్నవే దానికి ముఖ్యం.

కూనల విషయం ఎక్కువ చర్చ అవసరం లేనిది. పుట్టిన రెండు మూడు వారాలకు మొదలై సుమారు ఆరు వారాలకల్లా 26 పాలపళ్ళు వస్తాయి. మూడున్నర, నాలుగు నెలల వయసులో అవి ఊడడం మొదలై, ఆరేడు నెలలకు శాశ్వత దంతాలు పూర్తవుతాయి. ఈ మధ్యకాలంలో చిగుళ్ళు వాచి సలుపుతాయి గనుక దొరికిందల్లా కొరుకుతుంది. పళ్ళు కుదురుకోగానే చాలావరకు అదే తగ్గుతుంది. నొప్పి పడుతోందన్న జాలితో మనుషులు వేసుకునే పారాసిటమాల్ ఇవ్వడం మాత్రం ప్రాణాంతకం. ఆ మందును విడగొట్టి బయటికి పంపే ఎంజైమ్ వ్యవస్థ పిల్లి కాలేయంలో సరిగా లేదు. ఒక్క మాత్ర కూడా చంపగలదు.

ఏడాది దాటినా కొరుకుడు ఆగకపోతే చూడవలసిన మొదటి చోటు వేట. వేట అంటే ఉరకడం, పట్టుకోవడం మాత్రమే కాదు. పిల్లి వేటలో పొంచి ఉండడం, దూకడం, మెడ కొరికి చంపడం అయ్యాక కూడా పని మిగిలే ఉంటుంది. పట్టినది పిట్ట అయితే ఈకలు పీకి ఉమ్మేయాలి, ఎలుక అయితే తోలూ ఎముకలతో సహా కొరికి తెంపాలి. గిన్నెలో పోసిన తిండికి ఈ శ్రమ ఏదీ అక్కర్లేదు. పొడి గుళికల్ని చాలా పిల్లులు ఒక్కసారి పటుక్కుమనిపించి మింగేస్తాయి, కొన్ని అదీ చేయవు. వేటలో చివరి అంకం ఇలా ఖాళీగా మిగిలిపోతే దాన్ని నింపడానికి ఇంట్లో దొరికేది అట్టపెట్టె. దాని అంచును పళ్ళతో పట్టి, చించి, తల విదిలించి ఉమ్మేసి, మళ్ళీ పట్టుకునే పిల్లిని గమనిస్తే అది అట్టను తినడం లేదని తెలుస్తుంది. చుట్టూ ముక్కలన్నీ పడి ఉంటాయి, పొట్టలోకి ఏదీ పోదు. పిట్ట ఈకలు పీకే పనికీ దీనికీ ఉన్న పోలిక స్పష్టమైనదే. దీన్ని జబ్బుగా చూడనక్కర్లేదు. అట్టపెట్టె ఖరీదైన వస్తువూ కాదు.

వైర్ల ఆకర్షణ కూడా కొంత ఇక్కడిదే. సన్నగా, పొడుగ్గా ఉండి, లాగితే కదిలి, విద్యుత్తు పారుతున్నప్పుడు కాస్త వెచ్చగా ఉండే వస్తువు తోకలాంటిదే. మీద ఉన్న రబ్బరు లేదా ప్లాస్టిక్ తొడుగు పంటి కింద మెత్తగా దిగి మళ్ళీ ఒత్తుతుంది. ప్లాస్టిక్ సంచుల సంగతి ఇంకాస్త చిక్కుముడి. తయారీలో వాడే కొవ్వు సంబంధిత పదార్థాల వాసన పిల్లికి తెలుస్తుందని, సంచిలో అంతకుముందు పెట్టిన తిండి వాసన మిగిలి ఉంటుందని, గరగరమనే చప్పుడు గడ్డిలో కదిలే చిన్న జంతువుల అలికిడిలా వినిపిస్తుందని వివరణలున్నాయి. మనిషి చెవి 20 కిలోహెర్ట్జ్ దగ్గర ఆగిపోతే పిల్లి చెవి 60 కిలోహెర్ట్జ్ దాటి వినగలదు గనుక, మనకు ఒట్టి గరగరగా తోచేదానిలో దానికి ఇంకేం వినిపిస్తోందో ఊహించడం కష్టం. ఈ వివరణల్లో తిండి వాసనే అన్నిటికంటే నమ్మదగినది. మాంసమో చేపో తెచ్చిన సంచిని వదలని పిల్లి, కొత్త సంచి వైపు కన్నెత్తి చూడకపోవడం ఎవరైనా ఇంట్లోనే పరీక్షించి చూడవచ్చు.

చీకడం దగ్గరికి వస్తే దృశ్యమే మారిపోతుంది. ఇక్కడ దూకుడు ఉండదు. పిల్లి ఉన్ని దుప్పటిని ముందుకాళ్ళతో పిండి పిసికినట్టు నొక్కుతూ, కళ్ళు సగం మూసి, గురగురలాడుతూ, గుడ్డ అంచును నోట్లోకి తీసుకుని చీకుతుంది. తల్లి దగ్గర పాలు తాగేటప్పుడు కూన చేసేది అచ్చంగా ఇదే. తల్లిని త్వరగా విడిచిన కూనల్లో ఈ అలవాటు మిగిలిపోతుందన్న మాట చాలాకాలంగా వినిపిస్తోంది. సయామీస్, బర్మన్ పిల్లులపై జరిపి 2015లో ప్రచురించిన అధ్యయనం దానికి సగం బలమే ఇచ్చింది. బర్మన్ జాతిలో తల్లిపాలు త్వరగా మానడం, ఒకే ఈతలో తక్కువ కూనలు పుట్టడం ఈ అలవాటుతో ముడిపడి కనిపించాయి. సయామీస్‌లో మాత్రం అలాంటి సంబంధం కాక, వేరే అనారోగ్యం ఉన్న పిల్లుల్లో ఇది ఎక్కువగా ఉన్నట్టు తేలింది. అంటే ఒకేలా కనిపించే చర్యకు రెండు జాతుల్లో రెండు దారులు ఉండవచ్చన్నమాట.

జాతి ప్రభావం మాత్రం గట్టిదే. 1997లో బ్రిటన్‌లో వెలువడిన ఒక సర్వేలో, తినకూడని వస్తువులు తినే 152 పిల్లుల వివరాలు సేకరించగా, వాటిలో 55 శాతం సయామీస్, 28 శాతం బర్మీస్ (పైన చెప్పిన బర్మన్ కాదు, వేరే జాతి). తినే వస్తువుల్లో ఉన్నిది మొదటి స్థానం, నూలుది, కృత్రిమ దారాలతో నేసిన గుడ్డలది ఆ తర్వాతి స్థానాలు. అయితే అది అలవాటు ఉన్న పిల్లుల జాబితా. సయామీస్ పిల్లుల్లో సగానికి పైగా గుడ్డలు తింటాయని దాని అర్థం కాదు. ఈ అంకెను అలా తలకిందులు చేసి చెప్పడం చాలాచోట్ల కనిపిస్తుంది కాబట్టి ఈ మాట చెప్పవలసి వస్తోంది.

చీకే పిల్లి చీకడంతో ఆగినంతకాలం భయం లేదు. తడిసిన దుప్పటిని ఉతుక్కుంటే సరిపోతుంది. అయితే కొన్ని పిల్లులు చీకుతూ చీకుతూ గుడ్డను నోటి మూలకు చేర్చి, కత్తెర పళ్ళతో కోసి మింగడం మొదలుపెడతాయి. గీత దాటేది అక్కడే. తిండి కానిదాన్ని తినే ఈ గుణాన్ని వైద్యభాషలో పైకా అంటారు. దొరికిందల్లా ముక్కుతో ఎత్తుకుపోయే మాగ్‌పై అనే పక్షికి లాటిన్‌లో ఉన్న పేరు అది.

మింగే పిల్లుల గురించి జరిగిన పరిశీలనల్లో మాంట్రియల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2016లో ప్రచురించినది ప్రత్యేకంగా చెప్పుకోదగ్గది. పైకా ఉన్న 91 పిల్లులను, అది లేని 35 పిల్లులతో పోల్చి చూశారు. మింగిన వస్తువుల్లో షూ లేసులు, దారాలు ముందున్నాయి. ప్లాస్టిక్, గుడ్డ ఆ తర్వాతివి. అందరూ ఎదురుచూసే రెండు కారణాలూ, అంటే ఇంట్లో ఆటపాటలు కరవవడం, తల్లిని త్వరగా విడవడం, అక్కడ నేరుగా సంబంధం ఉన్నట్టు కనిపించలేదు. తేడా కనిపించినవి వేరే. పైకా ఉన్న పిల్లులు తరచుగా వాంతి చేసుకుంటున్నాయి. పైకా లేని పిల్లులకు ఎప్పుడు కావాలంటే అప్పుడు తినేలా తిండి అందుబాటులో ఉండడం ఎక్కువగా కనిపించింది. ఈ ఫలితం పెంచేవారికి నాలుక చివర సిద్ధంగా ఉండే ‘దానికి తోచడం లేదు’ అన్న జవాబును కొంచెం పక్కకు జరుపుతుంది. తోచకపోవడం నిజమైన కారణమే కావచ్చు, అట్టపెట్టె విషయంలో చాలావరకు అదే. కానీ గుడ్డ మింగే పిల్లికి కొత్త బొమ్మ కొనిపెట్టి చేతులు దులుపుకుంటే, కడుపులో ఉన్న జబ్బు అలాగే ముదురుతుంది. వాంతి వల్ల పైకా వచ్చిందా, మింగిన వస్తువుల వల్ల వాంతులు వచ్చాయా అన్న ప్రశ్నకు అలాంటి సర్వే జవాబు చెప్పలేదు నిజమే. ఏది ముందైనా పరీక్ష చేయవలసింది కడుపునే.

కడుపు ఒక్కటే కాదు. రక్తహీనత ఉన్న పిల్లులు గోడ సున్నాన్ని, మట్టిని, మలవిసర్జనకు పెట్టిన ట్రేలోని ఇసుకను నాకడం, తినడం పశువైద్యులకు తెలిసిన లక్షణమే. ఎర్రరక్తకణాలకు పట్టే సూక్ష్మజీవులు, పిల్లులకు సోకే లుకేమియా వైరస్ వంటివి ఆ రక్తహీనతకు కారణం కావచ్చు. వయసు మళ్ళిన పిల్లుల్లో థైరాయిడ్ గ్రంథి అతిగా పనిచేస్తే ఆకలి పిచ్చిగా పెరిగి, ఎంత తిన్నా బరువు తగ్గుతూ, తిండి కానివాటి మీద కూడా పడవచ్చు. మధుమేహంలోనూ ఆకలి పెరుగుతుంది. ఈ జబ్బులన్నిటికీ ఉమ్మడి ఆనవాలు ఒకటుంది: అలవాటు కొత్తది కావడం. కూనప్పటి నుంచి దుప్పటి చీకుతున్న పిల్లి వేరు, పదేళ్ళు ఏ వస్తువూ ముట్టకుండా ఉండి హఠాత్తుగా గోడ నాకడం మొదలుపెట్టిన పిల్లి వేరు. రెండోదానికి రక్తపరీక్ష ఆలస్యం చేయకూడదు.

పళ్ళ జబ్బులు దీనికి ఎదురు వైపు నుంచి వస్తాయి. పంటి గట్టిదనం క్రమంగా కరిగిపోయే జబ్బు పిల్లుల్లో చాలా సాధారణం. చిగుళ్ళు, నోటి లోపలి పొర ఎర్రబడి వాచే జబ్బూ తక్కువేమీ కాదు. నోరు నొప్పి పెడితే కొరకడం మానేయాలి కదా అనిపిస్తుంది. కొన్ని పిల్లులు మానేస్తాయి కూడా. కొన్ని మాత్రం గట్టి గుళికల్ని వదిలేసి, మెత్తటి రబ్బరునో చెక్క అంచునో నొప్పి ఉన్న వైపుతో ఒత్తి పట్టుకుంటాయి. చొంగ కారడం, నోటి దుర్వాసన, తిండి దగ్గరికి వెళ్ళి వెనక్కి రావడం తోడైతే ఇక అనుమానం అక్కర్లేదు.

మొక్కలు కొరకడాన్ని ఈ లెక్కల్లో కలపకూడదు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, డేవిస్ పరిశోధకులు 1,000కు పైగా పిల్లుల యజమానులను అడిగితే, 71 శాతం మంది తమ పిల్లి మొక్కలు తినడం కనీసం ఆరుసార్లు చూశామన్నారు. వాటిలో అత్యధికం అంతకుముందు ఏ జబ్బు లక్షణాలూ చూపలేదు. పూర్వకాలపు పిల్లులు పేగుల్లోని పురుగులను వదిలించుకోవడానికి అలవరచుకున్న ప్రవర్తన ఇప్పటికీ మిగిలి ఉందన్నది ఆ పరిశోధకుల వివరణ. గడ్డి తినడం సహజమే గానీ ఇంట్లో పెట్టుకున్న ప్రతి మొక్కా గడ్డి కాదు. లిల్లీ జాతి పూలమొక్కల ఆకు, పువ్వు, పుప్పొడి, చివరికి కుండీలో నిలిచిన నీళ్ళు కూడా పిల్లి మూత్రపిండాలను చెడగొట్టగలవు. పిల్లి ఉన్న ఇంట్లో లిల్లీ ఉండకపోవడం తప్ప దీనికి వేరే జాగ్రత్త లేదు.

వస్తువుల్లో అత్యంత ప్రమాదకరమైనది ఏదని అడిగితే చాలామంది విద్యుత్ వైరు అంటారు. అది తప్పు కాదు. నోరు కాలడంతో పాటు, షాక్ తగిలిన పిల్లి అప్పటికి మామూలుగా కనిపించినా కొన్ని గంటల తర్వాత ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఊపిరాడకపోవచ్చు. అందుకే బతికి బయటపడిందన్న ధైర్యంతో ఇంట్లో ఉంచకూడదు. అయినా శస్త్రచికిత్స బల్ల మీదికి పిల్లిని చేర్చడంలో దారానికి సాటి వచ్చేది తక్కువ. పిల్లి నాలుక మీది గరుకు ముళ్ళన్నీ గొంతు వైపుకే వంగి ఉంటాయి. ఎముక మీది మాంసాన్ని గీకడానికి, బొచ్చు దువ్వుకోవడానికి పనికొచ్చే ఆ ముళ్ళు, నోట్లోకి వచ్చిన దారాన్ని బయటికి ఉమ్మనివ్వవు. ఒక కొస నాలుక కిందో, కడుపు చివరి ద్వారం దగ్గరో చిక్కుకుని, రెండో కొస పేగుల్లోకి పోతే, పేగు కదలికలు దారాన్ని ముందుకు లాగుతూ ఉంటాయి. దారం కదలదు, బొందు లాగినప్పుడు గుడ్డ కుచ్చులు పడ్డట్టు పేగే దాని మీదికి ముడుచుకుంటుంది. బిగుసుకున్న దారం చివరికి పేగు గోడను కోస్తుంది. మలద్వారం నుంచి దారం కొస వేలాడుతూ కనిపిస్తే లాగకూడదని పశువైద్యులు అంతగా హెచ్చరించేది ఇందుకే. లోపల ఎంత పొడవుందో, ఎక్కడ చిక్కుకుందో బయటి నుంచి తెలియదు. పిల్లికి దారపు ఉండతో ఆట అన్న బొమ్మ అన్నిచోట్లా ముద్దుగా చెలామణి అవుతుంది గానీ, ఆట అయ్యాక ఆ ఉండను బీరువాలో పెట్టి తాళం వేయడం ఆ బొమ్మలో ఎవరూ గీయరు. జుట్టు రబ్బర్లు, దారం ఎక్కించిన సూదులు, బహుమతి కట్టిన రిబ్బన్లు ఇదే కోవలోవి.

చికిత్స కూడా ఏ క్రియకు ఆ క్రియే. చించి ఉమ్మేసే పిల్లికి చించడానికి పనికొచ్చేదే ఇవ్వాలి: అట్టముక్కలు, కుండీలో మొలకెత్తించిన గోధుమ గడ్డి లేదా ఓట్స్ గడ్డి, తిండిని కష్టపడి తీసుకునేలా చేసిన పజిల్ గిన్నెలు. రోజుకు రెండు పెద్ద పూటలకు బదులు అదే మొత్తాన్ని చిన్నచిన్న వంతులుగా పెట్టడం కూడా సాయపడుతుంది. తిండి ఎప్పుడూ అందుబాటులో ఉంటే పిల్లి రోజుకు పదిసార్లకు పైగా కొద్దికొద్దిగా తినడం దాని సహజ లయ. ఎర బొమ్మతో ఆడించి, ఆట చివర నిజంగా కొరికి తినగలిగినది ఏదైనా ఇస్తే వేట పూర్తయినట్టవుతుంది. లేజర్ చుక్కతో ఆడించేవారు ఈ చివరి మెట్టునే మరచిపోతారు. పళ్ళకు అందనిదాన్ని ఎంతసేపు తరిమినా పిల్లికి దక్కేది శూన్యం. పిల్లికి చెలగాటం ఎలుకకు ప్రాణసంకటం అన్న సామెతలో ఎలుక ఉంది కాబట్టే అది చెలగాటమైంది.

వైర్లకు గట్టి గొట్టపు తొడుగులు వేయడం, వాడనప్పుడు ప్లగ్ తీసేయడం ఏ చేదు స్ప్రే కన్నా నమ్మదగిన పద్ధతి. చేదు కొన్ని పిల్లులను ఆపుతుంది, కొన్ని ఆ వాసన పోయేదాకా ఆగి మళ్ళీ వస్తాయి. కేకలేయడం, కొట్టడం వల్ల పిల్లి నేర్చుకునేది మనిషి ఎదుట కొరకకూడదని మాత్రమే. పైగా కొరికిన ప్రతిసారీ ఎవరో ఒకరు పరుగెత్తుకొస్తుంటే, పట్టించుకునేవారు లేని పిల్లికి అదే పిలుపు గంట అవుతుంది. ఉన్ని చీకే పిల్లికి ఉన్నిని దూరం చేయడం కన్నా, తెగని గట్టి నేత గుడ్డ ఒకటి దానికని వదిలేయడం మేలు; మింగడం మొదలుపెడితే మాత్రం అన్నీ తీసేయక తప్పదు. ఇంట్లో కొత్త మనిషి, కొత్త పిల్లి, ఇల్లు మారడం వంటి ఒత్తిడి వల్ల పెరిగిన అలవాటు, ఆ ఒత్తిడి తగ్గినప్పుడు తగ్గవచ్చు. ఇవేవీ పనిచేయక అలవాటు వదలని పట్టుగా మారితే ఫ్లుఒక్సెటీన్, క్లోమిప్రమిన్ వంటి మందులు వాడే పద్ధతి ఉంది. అవి పశువైద్యుడు పరీక్షలన్నీ అయ్యాక బరువును బట్టి నిర్ణయించవలసినవి. వాటికి ముందు కడుపు, రక్తం, పళ్ళు చూడకపోతే అసలు జబ్బు మీద మూత పెట్టినట్టే.

ఇన్నింటికీ ముందు తేలవలసింది పిల్లి మింగుతోందా లేదా అన్నదే. దాన్ని తేల్చడానికి పెద్ద పరికరాలేమీ అవసరం లేదు. కొరికి పడేసిన ముక్కలను ఊడ్చి పారేయకుండా ఒక బల్ల మీద పరిచి, పాత వస్తువు ఆకారం వచ్చేలా జతచేసి చూడాలి. అంచులన్నీ కలిస్తే ఆ పిల్లి చించుతోంది. మధ్యలో ఖాళీ మిగిలితే, ఆ ఖాళీ కొలతను, మిగిలిన ముక్కలను తీసుకుని అదే రోజు పశువైద్యుడి దగ్గరికి వెళ్ళాలి.